నీడ దక్షిణానికి పడే వేళ

2016 జులై 22, శుక్రవారం. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదింబావు దాటింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో నైట్ షిఫ్టు వాళ్లు అప్పుడప్పుడే సీట్లలో సర్దుకునే వేళ. సరిగ్గా ఆ సమయానికే జర్మనీలోని మ్యూనిక్‌లో, ఒలింపియా షాపింగ్ సెంటర్ దగ్గర పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు తుపాకీ పేల్చడం మొదలుపెట్టాడు. తొమ్మిది మందిని చంపి, చివరికి తనను తానూ కాల్చుకున్నాడు. కాసేపటికే ప్రపంచమంతటా ఫోన్లలో వీడియోలు తిరిగాయి. వాటిలో పట్టపగలు. జనం చెదిరి పరుగెత్తుతుంటే వెనకాల ఆకాశం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఇక్కడ చూస్తే పొద్దు కుంకి రెండున్నర గంటలైంది. 'ఇదేదో పాత వీడియో, కొత్త కబురుకి అతికించారు' అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కాస్త లెక్క తెలిసినవాడు మూడున్నర గంటలు తీసేస్తాడు. అక్కడ సాయంత్రం ఆరు. అయినా అనుమానం తీరదు. ఆరింటికి సూర్యుడు మేడల వెనక్కి వాలిపోవాలి కదా, ఈ వెలుగేమిటి ఇలా ఉంది? ఆ అనుమానం తెలివితక్కువదేమీ కాదు. ఆ రోజు ఆరింటికి మ్యూనిక్‌లో సూర్యుడు దిగంతానికి 28 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. అదే రోజు హైదరాబాద్‌లో ఆయన అంత ఎత్తున ఉన్నది పావుతక్కువ అయిదుకి. అంటే అక్కడి ఆరు మన కంటికి పావుతక్కువ అయిదులా కనిపిస్తుంది. మ్యూనిక్‌లో ఆ రోజు పొద్దుగుంకింది తొమ్మిది ప్రాంతంలో. అప్పటికి మనకు అర్ధరాత్రి దాటి అరగంట. వీడియో నిజమైనదే, పొరబడింది కన్ను.

'బారెడు పొద్దెక్కింది' అంటే ఎంత టైమైందో పల్లెలో పెరిగినవాళ్లకు వాచీ చూడనక్కర్లేదు. ఆ బారకొలత మనం ఎక్కడ నేర్చుకున్నాం? సుమారు 13 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్న నేల మీద. హైటెక్ సిటీ పదిహేడున్నర దగ్గర ఉంది. మాటకు యాస ఉన్నట్టే కంటికీ యాస ఉంటుందని నా అభిప్రాయం. పుట్టినచోటి వెలుగును ప్రమాణంగా పెట్టుకుని అది ప్రపంచాన్నంతా కొలుస్తుంది. పక్క ఊరికి పోయినా చిన్న తేడా పట్టుకోదు. జూన్ 21న హైదరాబాద్‌లో సూర్యాస్తమయం 6.53కి అయితే విశాఖపట్నంలో 6.34కే. రెండుచోట్లా గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పువాళ్లను ముందు వదిలేస్తాడు. ఇరవై నిమిషాల తేడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఉత్తరానికి పోయేకొద్దీ తేడా గంటల్లోకి వెళ్తుంది, అసలు చిక్కు అక్కడ.

కారణం బళ్లో చదువుకున్నదే. భూమి ఒరిగి తిరిగే బొంగరం. దాని ఇరుసు 23.4 డిగ్రీలు వాలి, ఏడాది పొడుగునా ఒకే దిక్కుకు చూస్తుంది. జూన్‌లో ఆ వాలు ఉత్తరపు కొసను సూర్యుడి వైపు తిప్పుతుంది. ఒక్కో అక్షాంశాన్ని భూగోళం చుట్టూ కట్టిన దారంలా ఊహించుకోండి. సూర్యుడి వెలుగు భూమిలో సగాన్ని తడుపుతుంది, కానీ ఆ దారాల్ని మాత్రం సగానికి సగం తడపదు. హైదరాబాద్ మీదుగా పోయే దారంలో సగం కంటే కాస్త ఎక్కువ తడుస్తుంది. స్టాక్‌హోమ్ దారంలో ముప్పాతికకు పైగా. ధ్రువం దగ్గరి దారాలైతే పూర్తిగా వెలుగులోనే మునుగుతాయి.

అంకెల్లో చెప్తే, హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి పెద్ద పగలు 13 గంటల 10 నిమిషాలు, అతి చిన్నది 11 గంటల 5 నిమిషాలు. రెండింటి మధ్య తేడా ఒక సినిమా అంత. లండన్‌లో జూన్ పగలు 16 గంటల 38 నిమిషాలు. సియాటిల్‌లో దాదాపు 16 గంటలు. స్టాక్‌హోమ్‌లో పద్దెనిమిదిన్నర దాటుతుంది, డిసెంబరులో ఆరు గంటలకు ముడుచుకుపోతుంది. నార్వేలోని ట్రోమ్సోలో మే మూడో వారం నుంచి జులై మూడో వారం వరకూ సూర్యుడు అసలు కుంకడు.

ఈ తేడా తెలుగువాళ్లకు పుస్తకాల్లోది కాదు. ఐటీ కారిడార్ నుంచి ఆన్‌సైట్‌కని స్వీడన్ వెళ్లిన కుర్రాడు జూన్‌లో రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ పదకొండున్నర. వెనకాల బాల్కనీలో ఎండ చూసి తల్లి మొదట అడిగేది, 'ఏరా, ఇవాళ ఆఫీసుకి పోలేదా?' అనే. పిల్లల్ని నిద్రపుచ్చడానికి అక్కడివాళ్లు కిటికీలకు దళసరి నల్ల తెరలు కడతారు. పొద్దుండగా పడుకోకూడదని మనవాళ్లు పెట్టిన నియమం అక్కడ పాటిస్తే ఆరోగ్యం పాడవుతుంది.

ఇంత ఉత్తరానికి మనవాళ్లు పోని రోజుల్లోనే మన జ్యోతిష్కులు ఈ సంగతి లెక్కగట్టారు. మేరువు మీద ఉండే దేవతలు ఆర్నెల్లపాటు సూర్యుణ్ణి చూస్తూనే ఉంటారని సూర్యసిద్ధాంతం చెప్తుంది. గోళం జ్యామితి తెలిస్తే చాలు, ధ్రువం దాకా నడిచి వెళ్లక్కర్లేదు. దేవతలకు మన సంవత్సరం ఒక రోజు అనే మాటకు వెనకున్నది ఈ లెక్కే.

పగలు పొడుగు ఒక ఎత్తు, సంధ్య పొడుగు ఇంకో ఎత్తు. వీడియోలు చూసేవాణ్ణి రెండోదే ఎక్కువ మోసం చేస్తుంది. మునిమాపు, గోధూళివేళ, అసురసంధ్య, మసకచీకటి అని తెలుగులో ఇన్ని మాటలున్నాయి గానీ ఆ వేళ మాత్రం మన దగ్గర చటుక్కున అయిపోతుంది. సూర్యుడు కుంకాక దిగంతం కింద 6 డిగ్రీల లోతుకి దిగేదాకా, దీపం లేకుండా మనిషి మొహం పోల్చుకోగలిగినంత వెలుగుంటుంది. జూన్‌లో హైదరాబాద్‌లో ఈ ఘడియ 24 నిమిషాలు. లండన్‌లో 48. స్టాక్‌హోమ్‌లో గంటన్నర. మన దగ్గర సూర్యుడు బావిలోకి చేద వేసినట్టు నిటారుగా దిగుతాడు. ఉత్తరాన వాలు మీద జారుతున్నట్టు ఏటవాలుగా, తీరిగ్గా దిగుతాడు. స్టాక్‌హోమ్‌లో జూన్ 21 అర్ధరాత్రి కూడా ఆయన దిగంతం కింద సుమారు 7 డిగ్రీలకు మించి దిగడు. ఆకాశం నీలంగా మిగిలే ఉంటుంది. 'అర్ధరాత్రి గొడవ' అని స్వీడన్ నుంచి నీలి ఆకాశంతో వీడియో వస్తే మన కన్ను వెంటనే అబద్ధం అంటుంది.

లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ మంటలు ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. 2017 జూన్ 14 రాత్రి 12.54కి అగ్నిమాపక దళానికి మొదటి ఫోన్ వెళ్లింది. ఆ తెల్లవారుజామున సూర్యోదయం 4.43కి. నాలుగు కాకముందే చుట్టుపక్కల ఇళ్ల కప్పులు కనిపించేంత వెలుగు వచ్చేసింది. 72 మందిని బలిగొన్న ఆ ఒక్క ప్రమాదంలోనే కారుచీకట్లో మండుతున్న మేడ, నీలి మసకలో మండుతున్న మేడ, తెల్లటి పగటివెలుగులో పొగలు కక్కుతున్న మేడ మూడూ ఉన్నాయి. అక్కడ ఇంకా అయిదు కాలేదు. తెలియనివాడికి అవి మూడు వేర్వేరు రోజుల బొమ్మలు.

మరి వెలుగు ఇంత మోసగత్తె అయితే, సాక్ష్యానికి దాన్ని ఎలా పిలుస్తారు? కంటికి వదిలేయకుండా కొలిస్తే అంత నమ్మకమైన సాక్షి ఇంకొకటి దొరకదు. ఫోన్‌లో తీసిన ఫొటో తనలోనే తేదీ, చోటు దాచుకుంటుంది గానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి. మూలలో కనిపించే తేదీని ఎవరైనా అతికించొచ్చు. నీడను అతికించడం కష్టం.

పద్ధతి పాతదే. నేలమీద నిటారుగా ఒక శంకువు పాతి దాని నీడ కొలవడం భారతీయ ఖగోళశాస్త్రంలో మొదటి పాఠం. పన్నెండు అంగుళాల శంకువుతో కాలం, దిక్కు, ఊరి అక్షాంశం మూడూ రాబట్టేవాళ్లు. వీడియో పరిశీలకుడు చేసేదీ అదే. కరెంటు స్తంభమో, మనిషో, గేటు దిమ్మో అతనికి శంకువు. ముందు ఆ చోటేదో తేలాలి. వెనక కనిపించే బోర్డు, ఫ్లైఓవర్ వంపు, కొండ అంచు పట్టుకుని ఉపగ్రహ చిత్రంలో వెతుకుతారు. హైదరాబాద్ వీధులైతే 2022 జులైలో గూగుల్ స్ట్రీట్ వ్యూ మన నగరాలకు వచ్చాక ఈ పని కాస్త సులువైంది. చోటు దొరికితే నీడ ఏ దిక్కుకు పడిందో, వస్తువు ఎత్తుకు ఎన్నో వంతు ఉందో కొలిచి, సన్‌కాల్క్ లాంటి ఉచిత పరికరంలో ఆ తేదీ, టైము పెట్టి సరిపోతుందో లేదో చూస్తారు. తేదీ తెలిస్తే టైము వస్తుంది, టైము తెలిస్తే తేదీ వస్తుంది. రెండూ తెలియకపోతే మాత్రం కూర్చుని తల గోక్కోవాలి.

దీనికి పేరుపడ్డ ఉదాహరణ ఆఫ్రికాది. సైనికులు ఇద్దరు ఆడవాళ్లనీ వాళ్ల పిల్లల్నీ నడిపించుకుపోయి కాల్చేసిన వీడియో ఒకటి 2018 జులైలో బయటికొచ్చింది. అది తమ దేశానిది కాదని కామెరూన్ ప్రభుత్వం మొదట కొట్టిపారేసింది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం వీడియోలో దూరంగా కనిపించే కొండ అంచును ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, అది ఉత్తర కామెరూన్‌లోని ఒక ఊరి పక్కన అని తేల్చింది. వీడియోలో ఉన్న, లేని కట్టడాల్ని బట్టి ఏ కాలంలోదో దగ్గరికి తెచ్చింది. ఆపైన బాటమీద నడుస్తున్న సైనికుల నీడల్ని నీడగడియారంలా చదివి, ఆ హత్యలు 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య జరిగాయని చెప్పింది. మూడేళ్ల కిందటి నీడ పదిహేను రోజుల ఖచ్చితత్వంతో తేదీ చెప్పిందన్నమాట.

ఈ పద్ధతి పుస్తకాల్లో చదివినవాళ్లు ఒక సూత్రం కంఠతా పట్టేస్తారు: ఉత్తరార్ధగోళంలో మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. లండన్‌లో, బెర్లిన్‌లో, సియాటిల్‌లో ఏడాదిలో ఏ రోజైనా ఇది నిజం. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ముందు నిలబడితే మాత్రం ఏడాదిలో దాదాపు మూడు నెలలు ఇది తప్పు.

హైదరాబాద్ కర్కటరేఖకు దక్షిణాన ఉంది. అందుకే సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు, ఒకసారి ఉత్తరానికి పోతూ మే 9 ప్రాంతంలో, మళ్లీ తిరిగొస్తూ ఆగస్టు 3 ప్రాంతంలో. అప్పుడు నిటారు వస్తువుల నీడ వాటి కిందే అణిగిపోతుంది. 'జీరో షాడో డే' అని పేపర్లు రాసేది దాన్నే. 2023లో మే 9న అది మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు వచ్చింది, ఆగస్టు 3న 12.23కి. తిరుపతికి ఏప్రిల్ నెలాఖర్లోనే వస్తుంది, ఆదిలాబాద్‌కు మే 19 దాకా రాదు. సూర్యుడు దక్షిణం నుంచి ఎక్కొస్తుంటే ఒక్కో జిల్లా వరసగా నీడ కోల్పోతుంది. ఈ లెక్కలో కర్నూలు హైదరాబాద్ కంటే ముందు, కరీంనగర్ తర్వాత.

పన్నెండు దాటాక ఎందుకంటారా? మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. హైటెక్ సిటీ దానికి నాలుగు డిగ్రీల పైచిలుకు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సగటున పదహారు నిమిషాలు ఆలస్యం. దాని మీద, భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్లా ఇరుసు వాలు వల్లా ఏడాదిలో మరో పావుగంట అటూ ఇటూ జరుగుతుంది. ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్ మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు వస్తే, నవంబరు మొదట్లో పన్నెండుకే వచ్చేస్తుంది. నీడతో టైము కట్టేవాడు ఇది మర్చిపోతే అరగంట తప్పుతాడు. అరగంట తేడాతో ఎన్ని అలిబీలు కూలిపోతాయో పోలీసుల్ని అడగాలి.

మే 9కీ ఆగస్టు 3కీ మధ్య, మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21 మధ్యాహ్నం ఆరడుగుల మనిషి నీడ దక్షిణంగా ఏడున్నర అంగుళాలు. డిసెంబరు 21న అదే మనిషి నీడ ఉత్తరంగా అయిదడుగుల రెండంగుళాలు. లండన్‌లో ఆ డిసెంబరు మధ్యాహ్నమే ఆ మనిషి నీడ 22 అడుగులు, స్టాక్‌హోమ్‌లో 47 అడుగులు. అంటే జూన్‌లో రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర తీసిన వీడియోను యూరప్‌లో కూర్చుని పరిశీలించేవాడికి అందులో దిక్కులు తిరగబడి కనిపిస్తాయి. 'వీడియోను అద్దంలోలా తిప్పారు' అనో, 'ఇది దక్షిణార్ధగోళంలోది' అనో తీర్పు ఇచ్చేస్తే పాపం అతని తప్పు కాదు. మ్యూనిక్ వెలుగు చూసి మనం పొరబడ్డట్టే అతనూ పొరబడ్డాడు.

ఐటీ కారిడార్‌కు సొంత చిక్కు ఇంకొకటుంది, అది అద్దాలు. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్లే. ఇప్పుడు ఆ దారంతా మెరిసే గాజు గోడలు. సాయంత్రం పడమటి ఎండ వాటి మీద పడి, తూర్పు నుంచి వస్తున్నట్టు రోడ్డు మీదికి ప్రతిఫలిస్తుంది. ఒకే స్తంభానికి రెండు నీడలు, ఎదురెదురు దిక్కులకు. ఆ వీడియో చూసి 'రెండు నీడలున్నాయి, ఇది కంప్యూటర్‌లో చేసింది' అనేవాళ్లు ఉంటారు. గాజు మేడ ప్రతిఫలం ఎంత గట్టిదో 2013లో లండన్ చూసింది. ఫెన్‌చర్చ్ వీధిలో వంపు తిరిగిన కొత్త భవనం ఒకటి ఎండను కూడగట్టి, కింద ఆపిన జాగ్వార్ కారు భాగాల్ని కరిగించేసింది.

ఇదే కారిడార్‌లో, వెలుగూ వీడియోలూ రెండూ కోర్టు దాకా వెళ్లిన ఉదంతం కంచ గచ్చిబౌలిది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాలు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, అక్కడికి యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, కొందరిని పోలీసులు తీసుకెళ్లారు. ఆ తర్వాతి రాత్రుల్లో చీకట్లో యంత్రాల దీపాలు, వాటి మధ్య నెమళ్ల అరుపులు వినిపించే వీడియోలు దేశమంతా తిరిగాయి. వాటితో కలిసి, పారిపోతున్న లేళ్లూ నెమళ్లూ అంటూ కృత్రిమ మేధతో గీయించిన బొమ్మలూ తిరిగాయి. తిరిగినవాటిలో నకిలీవి ఉన్నాయని ప్రభుత్వం చెప్పింది, పోలీసులు కేసులు పెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. ఆ రోజే హైకోర్టు రిజిస్ట్రార్ స్థలానికి వెళ్లి చూసి ఇచ్చిన నివేదికలో, సుమారు వంద ఎకరాల్లో చెట్లు పోయాయనీ నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయనీ ఉంది. నకిలీ బొమ్మలూ నిజం, నరికిన చెట్లూ నిజం. ఒకటి నిరూపించినంత మాత్రాన రెండోది అబద్ధమైపోదు. ఆ వారమంతా టీవీ చర్చల్లో వినపడకుండా పోయిన చిన్న సంగతి ఇదేనని నాకు అనిపించింది.

రాత్రి వీడియోలకు నీడగడియారం పనిచేయదు. అక్కడ మనకో ఇంటి ఉపాయం ఉంది, పంచాంగం. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. అంటే అంతకుముందు రోజు అమావాస్య. ఏ ఉగాది రాత్రీ వెన్నెల ఉండదు; ఉన్న సన్నని రేఖ కూడా సూర్యుడి వెనకే కుంకిపోతుంది. కంచ గచ్చిబౌలిలో ఉగాది రాత్రి తీశారంటూ పండు వెన్నెలతో బొమ్మ ఎవరైనా చూపిస్తే దాన్ని నమ్మడానికి వీల్లేదని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గణేశ్ నిమజ్జనం అనంత చతుర్దశి నాడు, మర్నాడు పున్నమి. మబ్బు లేకపోతే రాత్రి తొమ్మిదింటికి తూర్పున దాదాపు నిండు చంద్రుడు కనిపించాలి. సద్దుల బతుకమ్మ అష్టమి ప్రాంతంలో, అప్పుడు సగం చంద్రుడు. దీపావళికి అసలు లేడు. పండగలన్నీ చంద్రుడికి కట్టేసిన సంస్కృతిలో పుట్టినందుకు ఇలాంటి లాభం ఒకటుంటుందని మన పెద్దలు అనుకుని ఉండరు.

నీడలు సరిగ్గా లేవని కంటితో తేల్చేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి అమెరికాలో ఒక పాత ఫొటో ఉంది. అధ్యక్షుడు కెనెడీని హత్య చేశాడని అరెస్టయిన లీ హార్వీ ఆస్వాల్డ్ 1963లో తన ఇంటి పెరట్లో తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో అది. అతికించిందని అతనే అన్నాడు. ముక్కు కింది నీడ సూర్యుడు నడినెత్తిన ఉన్నట్టు చెప్తుంటే, నేలమీది నీడ పక్కకు పడిందని అనుమానించినవాళ్లు దశాబ్దాలపాటు వాదించారు. 2009లో డార్ట్‌మత్ కాలేజీలో పనిచేస్తున్న హానీ ఫరీద్ ఆ తలనూ పెరటినీ కంప్యూటర్‌లో త్రిమితీయంగా కట్టి, ఒకే సూర్యుడి నుంచి ఆ రెండు నీడలూ పడతాయని చూపించాడు. ఫొటో అసలైనదే. మనిషి కన్ను మొహాల్ని పోల్చడంలో దిట్ట, నీడల జ్యామితి దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. అందుకే నిపుణులు 'చూడటానికి తేడాగా ఉంది' అనరు, గీతలు గీస్తారు. నీడలోని ఒక బిందువు నుంచి ఆ నీడ పడేట్టు చేసిన అంచుకు గీత. అలాంటి గీతలన్నీ ఒకేచోట కలవాలి, అదే దీపం ఉన్న చోటు. కలవకపోతే అప్పుడు అడగాలి ప్రశ్నలు. కృత్రిమ మేధ గీసిన బొమ్మల్లో ఈ గీతలు చాలాసార్లు తలోదారి పట్టేవి. కొత్త పరికరాలు ఆ లోపాన్ని దిద్దుకుంటున్నాయి కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోలేం.

నీడ కూడా రెండర్థాల మాట చెప్పే సందర్భాలున్నాయి. సూర్యుడు ఉత్తరానికి పోయేటప్పుడు ఏ దారిన పోతాడో వచ్చేటప్పుడూ అదే దారిన వస్తాడు. మే 9 నీడ, ఆగస్టు 3 నీడ కవలలు. తేడా పట్టాలంటే చెట్లను చూడాలి. మే మొదట్లో గుల్మొహర్లు ఎర్రగా పూసి ఉంటాయి, ఆగస్టుకి నేల పచ్చబడి గుంటల్లో నీళ్లుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ మీద ఎన్నో రోజులు మబ్బే, నీడే ఉండదు. అప్పుడు దుకాణాల షట్టర్లు, వీధిదీపాలు, ట్రాఫిక్ ఎటువైపు కిక్కిరిసిందో చూసి చెప్పాల్సిందే. పొద్దున హైటెక్ సిటీ వైపు పోయే దారి నిండి ఉంటుంది, సాయంత్రం అక్కడినుంచి వచ్చే దారి. ఈ పాటి సంగతి మాదాపూర్ ఆటోడ్రైవర్‌కి తెలిసినంతగా ఏ ఉపగ్రహానికీ తెలియదు. ఇక ఫోన్ కెమెరాలు. చీకటి పడుతున్న వేళను సాయంత్రం అయిదులా చూపించేంతగా వెలుగు పెంచేస్తున్నాయి. బొమ్మలోని కాంతిని బట్టి టైము చెప్పడం ఇప్పుడు దండగ పని, దిక్కునీ పొడుగునీ మాత్రమే నమ్మాలి.

హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు తెలుగులోనూ వీడియోల నిజానిజాలు తేలుస్తుంటాయి. ఇలాంటి పనిలో నీడ దాకా వెళ్లే అవసరం రోజూ రాదు. వీడియోను ఫ్రేములుగా విడగొట్టి ఇంటర్నెట్‌లో వెతికితే చాలామటుకు పాతది ఎక్కడో దొరికిపోతుంది. ఏ దేశంలోదో వరద, ఏ ఏడాదిదో ప్రమాదం. నీడ పని మొదలయ్యేది ఎక్కడా పాత ప్రతి దొరకనప్పుడు, అంటే వీడియో నిజంగానే కొత్తదైనప్పుడు. బ్రేకింగ్ న్యూస్‌లో కష్టమంతా అక్కడే. మ్యూనిక్ రాత్రి ఊళ్లో ఇంకా చాలాచోట్ల కాల్పులు జరుగుతున్నాయని పుకార్లు లేచాయి, ముగ్గురు హంతకులున్నారేమోనని పోలీసులే గంటల తరబడి వెతికారు. ఉన్నది ఒక్కడు. కాల్పులు జరిగిందీ ఒక్కచోటే.

సియాటిల్‌లోనే పుట్టిన తెలుగు పిల్లాడికి జూన్ అంటే తొమ్మిదింటిదాకా పార్కులో ఆడుకునే నెల. అక్కడ ఆ రోజుల్లో పొద్దుగుంకేది 9.10కి. కూకట్‌పల్లిలో తాతయ్య ఏడున్నరకు బాల్కనీలో నిలబడి తొలకరి వాన వీడియో తీసి పంపిస్తాడు. అక్కడ పొద్దున ఏడు, పిల్లాడు పాలు తాగుతూ ఫోన్ చూస్తాడు. వీధిదీపాల కింద వాన చినుకులు, పైన కారుమబ్బు, చుట్టూ చీకటి.

'తాతా, ఇది ఇవాళ్టిది కాదు కదా? జూన్‌లో ఏడున్నరకే చీకటి పడుతుందా?'

'మరింకెప్పుడు పడుతుందిరా!'